పాత థర్మోస్టాట్‌ను గోడ మీదే వదిలేస్తే: నాలుగు చలికాలాల అనుభవం

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో. 1990ల్లో కట్టిన ఇల్లు. గది వేడిని బట్టి, ఇంటిని వెచ్చబరిచే బాయిలర్‌ని ఆన్, ఆఫ్ చేసేది థర్మోస్టాట్. నాలుగేళ్ల కిందట ఫోన్ యాప్‌తో నడిచే స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టించాం. బిగించడానికి వచ్చినతను కిచెన్‌లో పాత టైమర్ తీసేసి, అదే చోట కొత్త రిసీవర్ (స్మార్ట్ థర్మోస్టాట్ చెప్పినట్టు బాయిలర్‌ని ఆన్, ఆఫ్ చేసే డబ్బా) తగిలించాడు. వీధి తలుపు దగ్గర నడవ గోడకున్న పాత థర్మోస్టాట్ డయల్ జోలికి మాత్రం పోలేదు. దాన్ని 30కి తిప్పి, "అలా ఉండనీయండి, ఇక దాంతో పనిలేదు" అని వెళ్లిపోయాడు.

పని ఉందని మూడో చలికాలంలో తెలిసింది.

ఆ జనవరిలో అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి స్వెటర్ మీద శాలువా కప్పుకుని ముడుచుకుని కూర్చుంది. యాప్‌లో 20 డిగ్రీలకు పెట్టి ఉంది, మంట గుర్తూ వెలుగుతోంది. గదిలో చూస్తే 16. బాయిలర్ చప్పుడే లేదు. రిసీవర్ రీసెట్ చేశాను, బ్యాటరీలు మార్చాను, బాయిలర్ ప్రెషర్ చూశాను. గంటన్నర టెన్షన్ పడ్డాక నడవలో డయల్ మీద కన్ను పడింది. 12 దగ్గరుంది.

"అమ్మా, ఇది తిప్పావా?"

"దుమ్ము పట్టిపోయుంటే తుడిచానురా. కదిలిందేమో!"

మెల్లగా పైకి తిప్పుతుంటే లోపల టిక్‌మంది. కాసేపటికి కిచెన్‌లో బాయిలర్ వెలిగింది.

సంగతేమిటంటే, మా ఇంట్లో కరెంటు టైమర్ నుంచి పాత థర్మోస్టాట్‌కి వచ్చి, అక్కణ్నుంచి బాయిలర్‌కి వెళ్తుంది. టైమర్ స్థానంలో రిసీవర్ వచ్చిందే గానీ దారి మారలేదు. కొత్తది, పాతది రెండూ సరేనంటేనే బాయిలర్ వెలుగుతుంది. యాప్‌కి ఇవేవీ తెలియవు. తను ఆన్ చేశానని చెబుతుంది, అంతే.

డాలస్‌లో ఉండే మా బావమరిది "ఆ వైర్లు పీకెయ్ బావా, నేను మా ఇంట్లో అదే చేశా" అన్నాడు. అమెరికాలో ఆ వైర్లలో మామూలుగా ఉండేది 24 వోల్టులు. మా గోడలో ఉన్నది 230. పైగా ఊరికే పీకి వదిలేస్తే దారి తెగిపోయి హీటింగే రాదు. అందుకే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను.

ఆయన ముందు బాయిలర్ పక్కన ఫ్యూజు ఊడదీసి జేబులో వేసుకున్నాడు, ఎవరూ మళ్లీ పెట్టకుండా. తర్వాత డయల్ కవర్ తీసి టెస్టర్‌తో ఒక్కో వైరూ చూశాడు. ఎరుపు, పసుపు, నీలం. 2004కి ముందు వైరింగ్ చేసిన ఇళ్లలో ఈ రంగులే ఉంటాయట, నీలం కనబడగానే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అనుకోకూడదట. డయల్ లోపల చిన్న రెసిస్టర్ వేడెక్కడానికి న్యూట్రల్ కూడా ఇస్తారు కాబట్టి మూడు వైర్లు. వచ్చే లైవ్‌ (కరెంటు తెచ్చే వైరు)నీ, బాయిలర్‌కి పోయే లైవ్‌నీ జంక్షన్ బాక్సులో కలిపి, నడవకు పోయే కేబుల్‌ని అక్కడే పూర్తిగా విడదీశాడు. న్యూట్రల్‌ని గనక ఆ రెంటితో కలిపితే షార్టే. నడవలో ఖాళీ ప్లేటు బిగించాడు. మొత్తం నలభై నిమిషాలు, 80 పౌండ్లు. మొదటి రోజే చేయాల్సిన పని ఇది.

ఇక స్మార్ట్‌దాని సంగతి. నాకు బాగా నచ్చింది షెడ్యూల్ కాదు, దాన్ని హాల్లో మేం కూర్చునే చోట పెట్టుకోగలగడం. పాతది వీధి తలుపు పక్కనుండేది. తలుపు తీసినప్పుడల్లా చల్లగాలి తగిలి, ఇల్లు కాగిపోతున్నా హీటింగ్ ఆపేది కాదు. బిల్లు కొంత తగ్గింది, పెట్టిన డబ్బు తిరిగొచ్చిందా అంటే లెక్క వేయలేదు. వైఫై పోయినా రిసీవర్ మీద బటన్ నొక్కితే హీటింగ్ వస్తుంది, కొనేముందు ఈ బటన్ ఉందో లేదో చూసుకోండి. విసుగు పుట్టించేది యాప్. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దానంతటది తగ్గించుకోవాలంటే నెలనెలా డబ్బు కట్టమంటుంది. నేను కట్టట్లేదు, స్టేషన్‌కి నడుస్తూ చేత్తోనే తగ్గిస్తున్నాను.