రైడ్‌లో రూము దండగ, కాల్‌బోర్న్ బండి పండగ

ఇంగ్లండు దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవికి వెళ్లేవాళ్లు రైడ్ ఊళ్లో రాత్రి బస పెట్టుకోకండి. కనీసం మేం దిగినలాంటి ఇంట్లో దిగకండి. ముందు ఆ కడుపుమంట చెప్పుకుని తర్వాత కాల్‌బోర్న్ లాంటి పాత ఆవిరి ఇంజన్ల సంగతికొస్తాను.

ప్రకటనలో "సముద్రం కనిపించే గదులు" అని ఉంది. రెండు గదులు తీసుకున్నాం, ఒక్కోటి రాత్రికి 126 పౌండ్లు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పక్కకి తిరిగి ఎక్కితేగానీ పెట్టె పట్టని మెట్లు. మామయ్యగారు మోకాళ్లు పట్టుకుని ప్రతి మలుపులోనూ ఆగారు. సముద్రం లేదని అనను. బాత్‌రూంలో టబ్బు అంచు మీద నిలబడితే రెండు పొగగొట్టాల సందులోంచి నీలంగా కనబడుతుంది. ఇదేంటండీ అంటే, "కనిపిస్తుందన్నాం, ఎక్కణ్ణుంచో చెప్పలేదుగా" అని ఇంటావిడ నవ్వింది. రాత్రి పదికల్లా హీటర్లు కట్టేశారు. శాకాహారులమని ముందే రాసినా, పొద్దున సాసేజీలు వేగిన పెనంలోనే పుట్టగొడుగులు వేయించి పెట్టారు. అత్తయ్యగారు ఆ ప్లేటు జరిపేసి, ఉత్త బ్రెడ్డుకి సంచీలోని కందిపొడి అద్దుకుని తిన్నారు. గది ఖాళీ చేశాక సాయంత్రం దాకా సామాను ఉంచితే పెట్టెకి 5 పౌండ్లు. నాలుగు పెట్టెలకి 20 సమర్పించుకున్నాం. నేను గొడవకి దిగబోతే, "పోనీండి, నాన్న మూడ్ పాడవుతుంది" అంది మా ఆవిడ. ఆయన మూడ్ రాత్రే పాడైంది.

అసలు ఈ ప్రయాణమే ఆయన కోసం. బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డీజిల్ డ్రైవరుగా రిటైరయ్యారు. లండన్లో రాజభవనాలు చూపిస్తే ఆవలించారు. కోవెంట్ గార్డెన్‌లోని లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియంలో మాత్రం మెట్రోపాలిటన్ రైల్వే 23వ నంబరు ఇంజన్ దగ్గర్నుంచి ఎంతకీ కదల్లేదు. 1866లో మాంచెస్టర్ బేయర్ పీకాక్ వాళ్లు కట్టింది. 1863లో మొదలైన భూగర్భ రైలు అప్పట్లో ఆవిరిదే. సొరంగంలో ఊపిరాడాలి కదా, అందుకని సిలిండర్ల నుంచి వచ్చే వాడిన ఆవిరిని పొగగొట్టంలోకి వదలకుండా లావుపాటి గొట్టాలతో పక్కనున్న నీళ్ల ట్యాంకుల్లోకి మళ్లించారు. "అట్టయితే ట్యాంకులో నీళ్లు కాగిపోవూ? వేణ్ణీళ్లతో ఇంజెక్టరు పట్టదు అల్లుడూ" అన్నారాయన. నిజమే, ఆవిరి జోరుతో బాయిలర్లోకి నీళ్లు తోసే ఆ ఇంజెక్టరు బదులు దీనికి పంపులు పెట్టారట. డ్రైవరుకి గాలి అడ్డుకునే రేకు తప్ప నెత్తిన కప్పు కూడా లేదు. టికెట్ ఖరీదే, కానీ ఏడాదంతా చెల్లుతుంది, పిల్లలకి ఉచితం. ఎటొచ్చీ అక్కడ ఇంజను కదలదు, కూత వెయ్యదు.

కదిలేది చూడాలంటే దీవికే పోవాలి. వాటర్లూ నుంచి పోర్ట్స్‌మత్ హార్బర్ దాకా రైలు. ముగ్గురు గానీ అంతకంటే ఎక్కువమంది గానీ ఉంటే గ్రూప్‌సేవ్ అనే రాయితీ అడగండి, మూడో వంతు తగ్గుతుంది. అక్కణ్ణుంచి పడవ, సముద్రంలోకి కట్టిన రేవు వంతెన, రైడ్ పియర్, దాని మీద మళ్లీ రైలు. ఆ రైలు కూడా ఒకప్పుడు లండన్ భూగర్భ రైల్వే డిస్ట్రిక్ట్ లైన్లో తిరిగిందే. లండన్ పెన్షనర్లందరూ ఇక్కడికే చేరతారన్నమాట! ఆవిరి బండి ఎక్కాల్సిన స్మాల్‌బ్రుక్ జంక్షన్‌కి రోడ్డు లేదు, రైలు దిగి రైలెక్కడమే.

మమ్మల్ని లాగింది కాల్‌బోర్న్, 24వ నంబరు. విలియం ఆడమ్స్ రూపొందించిన ఓ2 రకం ఇంజను, 1891లో లండన్ నైన్ ఎల్మ్స్ కర్మాగారంలో తయారైంది. ఇవి లండన్ శివారు బళ్లకోసం కట్టినవి. బొగ్గూ నీళ్లూ ఇంజన్ మీదే, వెనక టెండరు లేదు. అందుకే వెనక్కీ ముందుకీ ఒకేలా పోతుంది, ఇంజన్ని వెనక్కి తిప్పే టర్న్‌టేబుల్ అక్కర్లేదు. పొద్దునా సాయంత్రం ఆఫీసు జనాన్ని దించి వెంటనే తిరగాల్సిన స్టేషన్లలో అదే పెద్ద లాభం. తర్వాత శివార్లకి కరెంటు బళ్లొచ్చాయి, ఇవి మిగులు పడ్డాయి. 1923లో సదరన్ రైల్వే ఏర్పడ్డాక ఓ2లని దీవికి తరలించింది. కాల్‌బోర్న్ 1925లో వచ్చింది. 1966 డిసెంబరు 31తో దీవిలో ఆవిరి ప్రయాణికుల బళ్లు ఆగిపోయినా దీన్ని తుక్కు కింద పోకుండా ఔత్సాహికులు కొనుక్కున్నారు.

లైను చివరున్న వూటన్ స్టేషన్లో ఇంజన్ విప్పి, పక్క పట్టాల మీంచి అటు చివరకి తెచ్చి తగిలించడం చూడ్డానికి మామయ్యగారు మోకాళ్లు మర్చిపోయి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచారు. డ్రైవరు పిలిచి ఫైర్‌బాక్సు తలుపు తీసి చూపించాడు. ఈయన ఇంగ్లీషు అంతంతమాత్రం, అతనికి తెలుగు రాదు, అయినా పార ఎలా పట్టాలో ఇద్దరూ చేతులతోనే తేల్చుకున్నారు. "మంట పల్చగా, సమంగా ఉంది, బాగా వేశాడు" అని సర్టిఫికెట్ ఇచ్చారు. అత్తయ్యగారు మాత్రం తెల్లచీర మీద మసి దులుపుకుంటూ, "నలభై ఏళ్లు ఉతికింది చాల్లేదా" అన్నారు.

అదే లైన్లోని హేవెన్‌స్ట్రీట్ షెడ్డులో స్ట్రౌడ్లీ రూపొందించిన టెర్రియర్ రకం ఇంజన్లు కూడా అడిగి చూడండి. దక్షిణ లండన్ కోసం 1872 నుంచి కట్టిన పొట్టి ఇంజన్లు. అక్కడున్న వాటిలో న్యూపోర్ట్ అనేది 1878 పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం కొట్టింది. మూడో తరగతి పెట్టె చాలు, ఫస్ట్‌క్లాసు దండగ. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి లండన్ చేరొచ్చు. పెరుగన్నం కట్టుకెళ్లండి.