కత్తిపీటా, చాకా? కీళ్లవాతం చేతులకు ఏది మేలు?

నాలాగే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా అడిగే మాట ఒకటే, "కూరలు దేంతో తరుగుతున్నావు?" అని. ఆరేళ్లు చాకుతో అవస్థ పడి, పోయిన సంక్రాంతి నుంచి కత్తిపీటకు మారాను. నేల మీద కాదు, బల్ల మీద.

అందరూ పదును చూస్తారు. నేను చూసేది కోసేటప్పుడు బలం వేళ్లను ఎటు తోస్తోందన్నది. ఈ జబ్బులో పిడికిలి కణుపుల దగ్గర కీళ్లు దెబ్బతిని, వేళ్లు మెల్లగా చిటికెన వేలి వైపు ఒరుగుతాయి. చాకుతో దొండకాయలు తరిగి చూడండి. పిడి గట్టిగా బిగించి పట్టాలి, కోత కోతకూ మణికట్టు ఆ చిటికెన వేలి వైపే వంగుతుంది. జబ్బు తోసే వైపే మనమూ తోస్తున్నాం. పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుంది గానీ ఆ వంపు పోదు. రంపం పిడి లాంటిది ఉన్న చాకులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాటితో మణికట్టు వంగదు. చాకే కావాలంటే అదే కొనండి.

కత్తిపీటకు బిగించి పట్టాల్సిన పిడే లేదు. కాయను రెండు చేతులతో పట్టుకుని ముందుకు తోస్తాం, బలం భుజాల నుంచి వస్తుంది. చిక్కల్లా కింద కూర్చోవడంతోనే. లేచేటప్పుడు పిడికిళ్లు నేలకు ఆనించి ఒంటి బరువంతా కణుపుల మీద వేస్తాం. అందుకే దాన్ని రెండు క్లాంపులతో భోజనాల బల్ల అంచుకు బిగించి ఉంచాం. బిగించేది మా అబ్బాయి, ఎందుకంటే అది ఏమాత్రం కదలకూడదు.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుని వేళ్లు తిమ్మిరెక్కే వాళ్లు మాత్రం కత్తిపీట జోలికి పోవద్దు. కత్తికి ఎదురు వెళ్లేవి వేళ్లే, తెగినా వెంటనే తెలియదు.

తాడు లాగే చాపర్ వేళ్ల కొసల మీద భారం వేస్తుంది, వద్దు. కరెంటుది ఉల్లిపాయల వరకు పరవాలేదు.

దేంతో కోసినా పొద్దున్నే మొదలుపెట్టకండి. నాకు గంటన్నర దాకా వేళ్లు ముడుచుకోవు, అందుకే ముందురోజు సాయంత్రమే తరిగి ఫ్రిజ్‌లో పెడతాను. కంద, గుమ్మడి అయితే రైతుబజారులోనే ముక్కలు కోయించుకుని తెచ్చుకోండి.