ఫామ్ షేర్ అంటూ ఆరు నెలల డబ్బు ముందే అడుగుతున్నారా? కట్టకముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో నల్లగండ్ల, తెల్లాపూర్, కొండాపూర్, మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. పైన ఆవు ఫోటో, పక్కన పచ్చటి పాలకూర మడి, కింద "మీ ఇంటికో పొలం" లాంటి మాట. ఆరు నెలల డబ్బు ముందే కడితే ప్రతి శనివారం పొద్దున్నే ఆరు కిలోల మందుల్లేని కూరగాయలు గుమ్మం దగ్గరికి వస్తాయట. మేము కట్టాం, మా బ్లాకులో ఇంకా చాలా ఇళ్ళవాళ్ళు కట్టారు. ఎవరి పొలంలో పండాయో తెలియని కూరగాయలు కొన్నాళ్ళు తిని, ఇప్పుడు మిగతా డబ్బు కోసం తిరుగుతున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ళ పేరు రాయను. వాళ్ళ పద్ధతి ఏంటో చెప్తాను, ఆ మెసేజ్ మీ దాకా వస్తే మీకే తెలిసిపోతుంది.

ఫ్యామిలీ షేర్, అంటే ఒక ఇంటి వాటా, 18 వేలు. ఆరు నెలలకి 26 వారాలు, వారానికి ఆరు కిలోలు, అంటే కిలో దాదాపు 115 రూపాయలు పడుతుంది, అదీ వంకాయైనా సొరకాయైనా ఒకటే రేటు. దాని మీద మెంబర్‌షిప్ ఫీజు 1500, ఆ ఫీజుకి 18 శాతం జీఎస్టీ. తాజా కూరగాయల మీద జీఎస్టీ లేనే లేదు, అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కాగితం మీద వాళ్ళు మనకి కూరగాయలు అమ్ముతున్నట్టు ఎక్కడా ఉండదు, "సర్వీసు" ఇస్తున్నట్టు ఉంటుంది. రేటు ఎక్కువే, రైతుబజారుకి వెళ్తే సగం డబ్బుకి సంచి నిండుతుంది. కానీ మందు కొట్టని కూర, రైతుకి నేరుగా పోయే డబ్బు అన్నారు కాబట్టి అంత పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

అసలు ఈ పద్ధతి చెడ్డది కాదు, అది ముందే చెప్పాలి. జపాన్‌లో 1970ల్లో పురుగుమందుల భయంతో జనం నేరుగా రైతులతో ఒప్పందాలు పెట్టుకున్నారు, అమెరికాలో 1986లో మసాచుసెట్స్‌లో ఒకటి, న్యూహాంప్‌షైర్‌లో ఒకటి ఇలాంటి పొలాలు మొదలయ్యాయి. ఆ న్యూహాంప్‌షైర్ పొలంలో అయితే రైతులు ఏడాది ఖర్చు లెక్క సభ్యుల ముందు పెడతారు, సభ్యులు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు పంచుకుంటారు. పంట బాగా వస్తే అందరికీ ఎక్కువ, వడగళ్ళు పడితే అందరికీ తక్కువ. నష్టంలో మనమూ భాగం పంచుకుంటున్నాం కాబట్టే డబ్బు ముందు కట్టడం. మా ఒప్పందంలోనూ సరిగ్గా ఈ మాటే రాశారు, "ప్రకృతి వల్ల వచ్చే నష్టాన్ని సభ్యులు పంచుకుంటారు, షేర్ డబ్బు తిరిగి ఇవ్వబడదు" అని. చదివే సంతకం పెట్టాం, న్యాయంగానే ఉంది. పంచుకోవడానికి అవతల ఒక పొలం, ఒక రైతు ఉంటే.

నవంబర్ నుంచి జనవరి దాకా బాక్సులు బ్రహ్మాండంగా వచ్చాయి. చిక్కుడుకాయలు, లేత మెంతికూర, క్యాబేజీ, టమాటా, ఆరు కిలోలన్నది ఏడు కూడా తూగేది. ఇక్కడే జనం పడిపోతారు. చలికాలంలో మన చుట్టుపక్కల అన్నీ పండుతాయి, బోయిన్‌పల్లి హోల్‌సేల్ కూరగాయల మార్కెట్లో ఏడాది మొత్తం మీద చవకగా దొరికేదీ అప్పుడే. ఆ మూడు నెలలు ఎవరైనా బాక్సు నింపగలరు. వాళ్ళు సభ్యుల్ని చేర్చుకునేది దసరా, దీపావళి మధ్యలోనే ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. మీ దగ్గరికి కూడా ఆ టైములోనే వస్తారు చూడండి.

ఫిబ్రవరి చివర్లో బాక్సు తేలికైంది. మార్చిలో వడగళ్ళు పడ్డాయి, పంట పోయింది అని మెసేజ్ పెట్టారు. 2023 మార్చిలో వికారాబాద్, జహీరాబాద్ వైపు వడగళ్ళకి పంటలు ఎలా పోయాయో అందరం చూశాం, అందుకే ఎవరూ నోరెత్తలేదు సరికదా, "పాపం రైతులు" అని దండం బొమ్మలు పెట్టాం. రెండు వారాలు బాక్సే రాలేదు. ఏప్రిల్లో మళ్ళీ మొదలైంది, ఈసారి లోపల క్యారెట్, బీన్స్, గోబీ పువ్వు. క్యారెట్ సన్నగా, నున్నగా, మిషన్లో కడిగినట్టు మెరుస్తోంది.

మా అత్తగారిది జోగిపేట వైపు, పుట్టింట్లో అత్తింట్లో ఇద్దరిదీ వ్యవసాయమే. ఆ గోబీని చేతిలోకి తీసుకుని "మాఘం పోయినంక గోబీ ఏడ పండుతదే మన దిక్కు? ఎవడో బాగనే మోసం చేస్తున్నడు" అన్నారు. నిజమే కదా. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొలంలో ఉండేవి బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, దోస, గోంగూర, నీళ్ళుంటే వంకాయ. ఆ ఎండల్లో అంత నున్నటి క్యారెట్ ఊటీ నుంచో కర్ణాటక నుంచో లారీలో రావాల్సిందే. నేను వాళ్ళ సభ్యుల గ్రూపులో అడిగితే "పాలీహౌస్ మేడమ్" అని జవాబు. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డులో, క్యారెట్ పండించేవాడు కిలో 115కి ఎలా ఇస్తాడో నాకైతే అర్థం కాలేదు.

ఆ తర్వాతి వారం పైఅంతస్తు వాళ్ళ బాక్సు అడుగున టమాటాల కింద కమీషన్ ఏజెంటు చీటి దొరికింది, బోయిన్‌పల్లిది, తేదీ ఆ ముందు రోజుది, ఎన్ని ట్రేలో బరువెంతో రాసి ఉంది. ప్యాకింగ్ కుర్రాళ్ళు తీయడం మర్చిపోయినట్టున్నారు. ఫోటో తీసి దాచుకున్నాం. మీకూ అలాంటిది ఏది దొరికినా, ట్రే మీద స్టిక్కరైనా సరే, పారేయకండి.

సరే అని పొలం చూస్తామన్నాం. నెలలో ఒక ఆదివారం "ఫామ్ విజిట్" పెడతారు, చేవెళ్ళ దాటాక ఉంటుంది. ఎడ్లబండి మీద తిప్పుతారు, చెట్టు కింద ఉయ్యాల, మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. పిల్లలకి మాత్రం భలే సరదా, అందులో అబద్ధం లేదు, రొట్టెలు కూడా చాలా బాగున్నాయి. కానీ పొలం ఎంత అంటే ఎకరంన్నర. డ్రిప్ పైపులు ఎండకి పెళుసెక్కి విరుగుతున్నాయి, ఓ మూల నాలుగు మళ్ళు మాత్రం పచ్చగా ఉన్నాయి, వాటి ముందే అందరూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. అక్కడ పనిచేసే పెద్దాయనని పక్కకి పిలిచి అడిగితే "ఈడికెల్లి మీకు కూరగాయలు పోవుడు సంక్రాంతితోనే బంద్ అయింది బిడ్డా, బోరుల నీళ్ళెక్కడున్నయి" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన జీతం కూడా రెండు నెలలు బాకీ ఉందట.

ఆయన చెప్పకపోయినా లెక్క వేస్తే తేలిపోతుంది. మూడు వందల కుటుంబాలు చేరాయని వాళ్ళే గర్వంగా పోస్టులు పెట్టారు. 300 ఇళ్ళు, ఇంటికి ఆరు కిలోలు, అంటే వారానికి 1800 కిలోలు. ఎకరం బెండ బాగా కాస్తే కోతలన్నీ కలిపి నాలుగైదు టన్నులు వస్తుంది, కోతలు రెండు నెలలు సాగుతాయి. అంటే ఆ ఎకరంన్నరలో ఇంకేమీ వేయకుండా బెండే వేసినా వారానికి ముక్కాలు టన్ను, మహా అయితే కాస్త ఎక్కువ. వీళ్ళేమో పది రకాలు ఇస్తామన్నారు, అదీ బోరు ఎండిన పొలంలో. "ఇంకా పార్ట్‌నర్ రైతులు ఉన్నారండి" అన్నారు. ఒక్కరి ఫోన్ నంబరు ఇవ్వమంటే ప్రైవసీ అన్నారు. మేము కట్టిన 18 వేలల్లో రైతుకి ఎంత పోతుంది అంటే దానికి అసలు జవాబే లేదు.

సర్టిఫికెట్ సంగతి ఇంకో కథ. చిన్న రైతు నేరుగా మనకి అమ్ముకుంటే ఆర్గానిక్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017 నిబంధనల్లోనే ఆ మినహాయింపు ఉంది, కాబట్టి కాగితం లేని రైతు మోసగాడని నేను అనను. వీళ్ళు మాత్రం గట్టిగా అడిగితే ఒక సర్టిఫికెట్ ఫోటో పెట్టారు. జూమ్ చేసి చదివితే పేరు వేరే ఎవరిదో, గడువు అయిపోయింది, పంటల జాబితాలో ఉన్నవి వరి, కంది. కూరగాయ అన్న మాటే లేదు. ఎవరైనా సర్టిఫికెట్ చూపిస్తే లోగో చూసి ఆగిపోకండి, ఎవరి పేరు మీద ఉంది, ఏ పంటలకి, ఎప్పటిదాకా అన్నవి చదవండి. ఆర్గానిక్ సర్టిఫికెట్లు ఇచ్చే రెండు పద్ధతులు ఎన్‌పీఓపీ, పీజీఎస్ ఇండియా, కాగితం దేనిదైనా అంతే.

మిగిలిన వారాల డబ్బు వెనక్కి ఇవ్వమంటే మొదట రిస్కు షేరింగ్ క్లాజు చూపించారు. పొలమే లేనప్పుడు రిస్కు ఎవరిది అని అడిగితే "మీరు కట్టింది ధర కాదండి, కమ్యూనిటీ కంట్రిబ్యూషన్" అన్నారు, రసీదు మీద కూడా అలాగే ఉంది. ఆ రాత్రే గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగ్ మార్చేశారు. గట్టిగా అడిగిన నలుగుర్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. మాతో కలిసి చేరిన ఒకాయన మాత్రం ఇప్పటికీ "కొత్త స్టార్టప్, కొంచెం టైమివ్వాలి" అంటారు, ఆయనకి రిఫరల్ బోనస్ వచ్చిందని తర్వాత తెలిసింది.

అన్నిటికంటే ప్రమాదం ఇప్పుడు వాళ్ళు దింపిన కొత్త స్కీము. పాత సభ్యులకి ఫోన్లు చేసి, మీ బాకీ సర్దేస్తాం, ఇంకో 25 వేలు కడితే చేవెళ్ళ దగ్గర ఒక గుంట నేల (ఎకరంలో నలభయ్యో వంతు) మీ పేరు మీద మూడేళ్ళు రాసిస్తాం, మా వాళ్ళే సాగు చేస్తారు, పంటంతా మీదే, వద్దనుకుంటే అమ్మి నెలనెలా డబ్బు వేస్తాం అంటున్నారు. రాసిచ్చేది స్టాంపు పేపరు మీద నోటరీ ఒప్పందం. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నోటరీ ముద్రతో మీకు ఆ గుంట మీద ఏ హక్కూ రాదు. సర్వే నంబరు అడిగి ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలో, అదే నిన్నమొన్నటి ధరణి, చూశాం. పట్టాదారు పేరుకీ వీళ్ళకీ సంబంధమే లేదు. ఆ రైతు దగ్గర వీళ్ళు కౌలుకి తీసుకున్నారట, ఆ కౌలు కాగితం మాత్రం ఎవరికీ చూపించరు. పాత డబ్బు వస్తుందన్న ఆశతో దయచేసి ఈ 25 వేలు కట్టకండి. మా పక్క టవర్లో ఒక రిటైర్డ్ మాస్టారు కట్టేశారు, ఆయనకి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాం, చివరికి వాళ్ళ అబ్బాయితో చెప్పించాం.

నిజాయితీగా ఈ పని చేసేవాళ్ళు ఉన్నారు, మా చెల్లెలు వాళ్ళు ఉప్పల్ వైపు అలాంటి ఒక రైతు దగ్గరే తీసుకుంటున్నారు. ఆయన నెలకి నెల డబ్బు తీసుకుంటాడు, ముప్పై ఇళ్ళు దాటి చేర్చుకోడు, ఎండాకాలం వచ్చిందంటే ముందే చెప్తాడు, "అక్కా, ఈ రెండు నెలలు దోసకాయ, గోంగూర, బెండకాయే, ఇష్టమైతేనే ఉండండి" అని. మీరెక్కడ చేరినా ముందు మే నెలలో ఏమిస్తారో అడగండి. అన్నీ ఇస్తాం అన్నాడంటే మార్కెట్లో కొని ఇస్తాడనే. పొలం ఎంత, ఎన్ని ఇళ్ళు అని అడిగి పైన వేసినట్టు లెక్క వేసుకోండి, వాళ్ళు పిలిచిన ఆదివారం కాకుండా మామూలు రోజు చెప్పకుండా వెళ్ళండి. ఆరు నెలలది ఒకేసారి కట్టమంటే నెలకే కడతానని చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలేయండి. ఎర్రగడ్డ, మెహిదీపట్నం రైతుబజార్లు ఎక్కడికీ పోవు.

ఇప్పటికే కట్టినవాళ్ళు ముందు గ్రూపు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. యూపీఐ స్క్రీన్‌షాట్లు, రసీదు, బాక్సుల ఫోటోలు తేదీలతో దాచండి. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి తెలుగులోనే ఫిర్యాదు చేయొచ్చు. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వేయొచ్చు, మనం కట్టింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్ళ లోపు వేయాలి. "కంట్రిబ్యూషన్" అని రాసిచ్చినా బెదరకండి, డబ్బు తీసుకుని కూరగాయలు ఇస్తామన్నారు, బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అన్‌ఫెయిర్ ట్రేడ్ ప్రాక్టీసే. ఒకే నష్టం జరిగినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసే వీలు కూడా ఉంది, మేము అదే చేస్తున్నాం. గత దసరా, దీపావళి మధ్యలో చేరి, చేవెళ్ళ దాటాక ఎడ్లబండి ఎక్కి ఫోటో దిగినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ రసీదు ఫోటోతో నాకు పర్సనల్‌గా మెసేజ్ పెట్టండి. ఈ నెలాఖరుకి పేర్ల జాబితా ఇచ్చేస్తున్నాం.