పాతబస్తీలో గాజులు, బంజారాహిల్స్‌లో చాయ్

హైదరాబాద్‌లో పాత పేటలు చూడాలంటే ఎక్కడ దిగాలని ఈమధ్య తెలిసినవాళ్ళు తరచూ అడుగుతున్నారు. నేనైతే హిమాయత్‌నగర్, చిక్కడపల్లి చుట్టుపక్కల అంటాను. చార్మినార్‌కు దగ్గర్లో లాడ్జిలు లేక కాదు. మదీనా, అఫ్జల్‌గంజ్ వైపు కావలసినన్ని ఉన్నాయి, అద్దె కూడా తక్కువే. కాకపోతే అర్ధరాత్రి దాటేదాకా హారన్లు, తెల్లారకముందే లారీల్లోంచి సరుకు దింపుడు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నిద్ర ఉండదు.

ఈసారి మా బావ పట్టుబట్టి యాప్‌లో ఒక హెరిటేజ్ స్టే బుక్ చేశాడు. హిమాయత్‌నగర్ లోపలి వీధిలో పాత రెండంతస్తుల ఇల్లు. బాగుంది, అబద్ధమెందుకు! మొజాయిక్ గచ్చు అలాగే ఉంచారు. పెరటి బావికి గాజు మూత వేసి లోపల లైటు పెట్టారు. హాల్లో పాలరాతి బల్ల, వెనక ఒంపు తిరిగిన చెక్క కుర్చీలు. మూతపడిన ఇరానీ హోటల్ నుంచి కొన్నవని కేర్‌టేకర్ గొప్పగా చెప్పాడు. బల్ల అంచున రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడి ఉంది. దాన్ని బాగు చేయించవద్దని డిజైనర్ గట్టిగా చెప్పాడట. బల్లకు ఇంత మర్యాద జరిగింది కానీ మాకు వేడినీళ్ళు రావడానికి మాత్రం అరగంట పట్టింది. ఫోన్ చేస్తే "యాప్‌లో మెసేజ్ పెట్టండి సార్" అన్నారు. పక్కింటి పెద్దావిడ గేటు దగ్గర పలకరించి, "రోజుకో కొత్త మొహం బాబూ. కరెంటు పోతే మీకుందా అని అడగడానిక్కూడా మనిషి లేడు" అంది. బావ ఐదు స్టార్లు ఇచ్చాడు, నేనైతే మూడే ఇస్తాను.

చిక్కడపల్లి, అశోక్‌నగర్ మారిన తీరు వేరు. గుమస్తాలు, మాస్టార్లు కట్టుకున్న ఇళ్ళన్నీ ఇప్పుడు హాస్టళ్ళు, స్టడీ హాళ్ళు. గ్రూప్స్ రాసే పిల్లలు జిల్లాల నుంచి వచ్చి ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటారు. పేట అందం పోయిందని పాతవాళ్ళు బాధపడతారు గానీ, నాకు ఇదే నచ్చింది. పొద్దున్నే ఇడ్లీ బండి, పక్కనే జిరాక్స్ షాపు, ఎదురుగా చెప్పులు కుట్టేవాడు, అందరికీ పని ఉంది. సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ నడిచి వెళ్ళేంత దూరం. తిండి ఖర్చు ఇంత తక్కువలో అయ్యే చోటు నగరం నడిబొడ్డున మరొకటి చూపించండి.

ఇక మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం. 2020లో బాగు చేసి తెరిచారు. పని చక్కగా చేశారు. గడియారం స్తంభం కింద లైట్ల వెలుగులో ఐస్‌క్రీం తినడం హాయిగా ఉంటుంది, పిల్లలున్నవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. అయితే ఇక్కడి పండ్ల హోల్‌సేల్ వ్యాపారం ఎప్పుడో కొత్తపేటకు పోయింది, 2021లో అక్కడి నుంచి కూడా ఊరవతల బాటసింగారానికి తరలింది. మనం చూసేది మార్కెట్ భవనాన్ని. బేరాలు ఊరు దాటి ఎంతో కాలమైంది.

ధనిక పేటల ముచ్చట క్లుప్తంగా చెబుతాను. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి హోటల్. బుకింగ్ లేకపోతే గేటు దాటనివ్వరు. విమానాశ్రయం నుంచి నేరుగా కొండెక్కి, అటే తిరిగి వెళ్ళే అతిథి వల్ల కొండ కింది బస్తీలో టీకొట్టుకు ఒరిగేదేమీ లేదు. బంజారాహిల్స్‌లో కేఫ్‌గా మారిన ఒక బంగ్లాలో 'ఇరానీ చాయ్' తాగాం. చెట్లు, నీడ బాగున్నాయి. బిల్లు చూస్తే మాత్రం ఆ డబ్బుతో చార్మినార్ దగ్గర మా అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చి ఇంకా మిగిలేవి.

చార్మినార్ దగ్గర సగం రోజైనా ఉండండి. లండన్‌లో కూలీల పేటల్లోకి మధ్యతరగతివాళ్ళు కాపురాలకు దిగడం, పాతవాళ్ళు ఖాళీ చేయడం చూసి 1964లో రూత్ గ్లాస్ అనే సమాజశాస్త్రవేత్త దానికి జెంట్రిఫికేషన్ అని పేరు పెట్టింది. పాతబస్తీలో ఆ లెక్క సరిగ్గా కుదరదు. ఇక్కడికి డబ్బున్నవాళ్ళు కాపురానికి రారు. సాయంత్రం వచ్చి, తిని, ఫొటోలు దిగి, ఐటీ ఆఫీసులున్న గచ్చిబౌలి వైపు వెళ్ళిపోతారు. అయినా గదుల అద్దెలు పెరుగుతాయి.

అదెలాగో చార్మినార్ పక్కన గాజుల దుకాణాలుండే లాడ్‌బజార్ వెనక సందులో తెలిసింది. చేతులు చాపితే గోడలు తగిలేంత గది. బొగ్గుల మీద ఇనప పెనం. లక్క ముద్ద మెత్తబడగానే సన్నగా సాగదీసి, కొలత కర్రకు చుట్టి, అతుకు కనబడకుండా వేలితో రుద్దుతున్నాడు ఒకాయన. పక్కన ఒకావిడ చిమటాతో (చిన్న పట్టకారు) ఒక్కో రాయినీ పట్టి లక్కలోకి అద్దుతోంది. లక్క చల్లారితే రాయి కూర్చోదు, మళ్ళీ సెగ చూపించాలి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ (ఈ ఊరి సరుకేనని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది కదా, బేరం పెరిగిందా అని అడిగాను. "దుకాణమోళ్ళకు పెరిగింది సార్. మాకు జతకు ఇంత, గంతే. ఈ గది గోదాముకు కావాలని అడుగుతున్నరు, గంత కిరాయి నేనియ్యగల్నా? ఊరవతల షాహీన్‌నగర్ పోవుడే" అన్నాడు, చేతిలో పని ఆపకుండానే.

పాతది పడగొట్టడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు ఇళ్ళు తొలగించి రోడ్లు వెడల్పు చేసింది. మనం ఇప్పుడు పురాతనమంటూ ఫొటోలు తీసే పత్తర్‌గట్టీ రాతి తోరణాలు ఆ పనిలో భాగమే. కాకపోతే ఆ బోర్డు మొఘల్‌పురా, సుల్తాన్‌షాహీ లాంటి చోట్ల, అంటే పాతబస్తీలోనే, పేదలకు ఇళ్ళు కూడా కట్టించింది. ఇప్పుడు ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) నుంచి చాంద్రాయణగుట్టకు 7.5 కిలోమీటర్ల మెట్రో కోసం దారుల్‌షిఫా, శాలిబండ రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఆస్తులకు గజానికి 81,000 రూపాయల పరిహారం ప్రకటించారు. మెట్రో రావాలి, ఆ ట్రాఫిక్ చూసినవాడెవడూ వద్దనడు. కానీ అద్దె గదిలో పెనం పెట్టుకున్నవాడికి గజాలెక్కడివి? అతన్ని అదే పేటలో నిలబెట్టే ఏర్పాటు లేకపోతే, స్టేషన్ దిగి వచ్చేవాళ్ళకు షోకేసులు తప్ప చూడడానికి ఏం మిగులుతుందో నాకైతే అర్థం కాలేదు.

వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. శుక్రవారం వద్దు, సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసి ఉంటాయి. కారు తీసుకెళ్తే పార్కింగ్ టెన్షన్‌తోనే పొద్దు గడిచిపోతుంది. ఎంజీబీఎస్‌లో మెట్రో దిగి నయాపూల్ మీదుగా నడవండి, మధ్యలో పత్తర్‌గట్టీ కూడా చూసినట్టవుతుంది. గాజులు షోకేసులోవి కాకుండా కొలత ఇచ్చి కార్ఖానాలో చేయించుకోండి. కాసేపు కూర్చోవలసి వస్తుంది, మా జతకు మాత్రం దుకాణం ధరకన్నా తక్కువే అయింది.