సరాసరి చూడాలా, మధ్యగతం చూడాలా?

కర్నూలు యార్డులో ఉల్లి ఎంత పలికిందని అడిగితే "సరాసరి 1200" అన్నారనుకోండి, అది నమ్మి సరుకు లారీకి ఎక్కించే ముందు ఒక్క నిమిషం ఆగండి. లెక్క కోసం ఐదు సమాన లాట్లు క్వింటా 600, 700, 800, 900, 3000 రూపాయలకు పోయాయనుకుందాం. మొత్తం 6000, ఐదుతో భాగిస్తే 1200. కానీ నలుగురికి వెయ్యి కూడా రాలేదు కదా! మధ్యగతమైతే ధరల్ని వరుసగా పేర్చి నడిమిది తీసుకోవడం, అంటే 800. ఆ మూడు వేల లాటు ముప్పై వేలకు పోయినా అది కదలదు. లాట్లు సరి సంఖ్యలో ఉంటే నడిమి రెండింటి సరాసరి.

అలాగని సరాసరి దండగేం కాదు. మొత్తం ఎంత డబ్బు చేతులు మారిందో దాంతోనే తేలుతుంది, మధ్యగతంతో తేలదు. కంప్యూటర్‌కూ అదే తేలిక, ఇప్పటిదాకా వచ్చిన మొత్తం, ఎన్ని అంకెలొచ్చాయన్న లెక్క గుర్తుంటే చాలు. మధ్యగతానికి మామూలుగా అన్నీ దాచుకోవాలి. ఎక్సెల్‌లో యావరేజ్, మీడియన్ రెండూ ఉన్నాయి, రైతుకు ఎంత రావచ్చో తెలియాలంటే నేనైతే మీడియనే కొడతా. లాట్ల తూకాలు వేరైతే మాత్రం తూకం కూడా కలిపి లెక్కేయాలి, అదింకో పేచీ.