ఇంట్లో పై తయారీ: గాజు, అల్యూమినియం, పింగాణీ పళ్లేలను ఏళ్ల తరబడి వాడిన తర్వాత

ఇంట్లో చేసుకునే పై (pie, అంటే పిండి పొరలో పూర్ణం పెట్టి ఓవెన్‌లో కాల్చే వంటకం)కి అసలు పరీక్ష అడుగున ఉంటుంది. మీది పొరకు ఓవెన్ వేడి నేరుగా తగులుతుంది కనుక అది ఏ పళ్లెంలోనైనా ఎర్రగా కాలుతుంది. అడుగు పొర మాత్రం పళ్లెం దాటి వచ్చిన వేడితోనే కాలాలి, పైగా ఆ సమయమంతా పండ్ల రసం దాన్ని తడుపుతూనే ఉంటుంది. గాజు, అల్యూమినియం, పింగాణీ పళ్లేలను కొన్నేళ్లుగా మార్చి మార్చి వాడుతూ, పిండిలోనూ పూర్ణంలోనూ రకరకాల మార్పులు చేసి చూశాక ఏర్పడిన అభిప్రాయాలు ఇవి. మూడు పళ్లేలూ 23 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నవే. పై వంటకాల కొలతలు ఎక్కువగా ఈ పరిమాణానికే ఇస్తారు.

అడుగు కరకరలాడాలన్నదే మీ కోరిక అయితే అల్యూమినియానికి సాటి లేదు. గాజుతో పోలిస్తే అల్యూమినియం వందరెట్లకు మించి వేగంగా వేడిని ప్రసరింపజేస్తుంది కనుక, వెన్న కరిగి కారిపోయేలోపే పిండి గట్టిపడి పొర నిలదొక్కుకుంటుంది. ఓవెన్‌లో అన్నిటికంటే కింది అరలో ఒక దళసరి ఇనుప రేకును ముందే వేడెక్కించి, పళ్లేన్ని దాని మీద పెట్టి, మొదటి 20 నిమిషాలు 220 డిగ్రీల సెల్సియస్‌లోనూ ఆ తర్వాత 190 డిగ్రీల్లోనూ కాల్చే పద్ధతి ఈ పళ్లెంతోనే పూర్తి ఫలితం ఇస్తుంది. తళతళలాడే పళ్లెం వేడిని కొంత తిప్పికొడుతుంది, నల్లని పళ్లెం త్వరగా మాడుస్తుంది. రెంటికీ మధ్యస్థంగా, మెరుపు లేని బూడిద రంగు పళ్లెం నాకు నచ్చింది. పూత లేని అల్యూమినియం పుల్లని పండ్లతో చర్య జరిపి లోహపు రుచి ఇస్తుంది కాబట్టి ఆనోడైజ్ చేసిన (ఉపరితలం మీద గట్టి ఆక్సైడ్ పొర ఏర్పరచిన) రకం తీసుకోవడం మంచిది. నాన్‌స్టిక్ పూత ఉన్నవాటిని నేను సిఫారసు చేయను. పైని పళ్లెంలోనే కోస్తాం, కత్తి గీతలకు ఆ పూత ఎన్నాళ్లో ఆగదు. వెన్న దండిగా ఉన్న పిండి ఎలాగూ అంటుకోదు.

గాజు పళ్లెం గొప్పతనం వేడిలో లేదు, చూపులో ఉంది. పళ్లేన్ని పైకెత్తి అడుగు రంగు చూసి, ఇంకా పాలిపోయి ఉంటే మరో 10 నిమిషాలు ఉంచవచ్చు. అల్యూమినియంలో ఇది అంచనాకే వదిలేయాలి. కొత్తగా నేర్చుకునేవారికి మొదటి పళ్లెంగా నేను గాజునే సూచిస్తాను. పైరెక్స్ పేరుతో 1915లో బోరోసిలికేట్ గాజు వంటపాత్రలు మార్కెట్లోకి వచ్చాయి, వేడి తేడాలను బాగా తట్టుకోవడం వాటి ప్రత్యేకత. ఇప్పుడు దొరికే గాజు పళ్లేలలో చాలావరకు సోడాలైమ్ గాజువి. గట్టిపరిచినవే అయినా ఆకస్మికమైన ఉష్ణోగ్రత మార్పుకు పగిలే ప్రమాదం వాటికి ఎక్కువ. అందుకే గాజు పళ్లేన్ని డీప్ ఫ్రీజర్ నుంచి తిన్నగా ఓవెన్‌లోకి నేను పంపను, వేడెక్కిన రేకు మీద పెట్టను. పిండిని విడిగా ఫ్రిజ్‌లో చల్లబరచి, గది ఉష్ణోగ్రతలో ఉన్న పళ్లెంలో పరుస్తాను. ముందుగానే చేసి గడ్డకట్టించి ఉంచుకునే పైలు అల్యూమినియానికే వదిలేశాను.

పింగాణీ పళ్లెం బల్ల మీద అందంగా ఉంటుంది. నిదానంగా వేడెక్కుతుంది, అడుగు మెత్తగా మిగులుతుంది. అడుగు పొర లేకుండా మీద మాత్రమే పిండి కప్పే పుట్టగొడుగుల పై, బంగాళాదుంపల పై వంటివాటికి అది చాలా బాగుంటుంది, వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది కూడా.

పిండి విషయంలో ఎన్ని ప్రయోగాలు చేసినా చివరకు తూకంలో 3:2:1 పాళ్ల దగ్గరే నిలిచాను: 300 గ్రాముల మైదా, 200 గ్రాముల చల్లని వెన్న, 100 గ్రాములకు మించని చన్నీళ్లు, చిటికెడు ఉప్పు. కప్పులతో కొలిస్తే మైదా బరువు ప్రతిసారీ మారుతుంది, కాబట్టి త్రాసు లేకుండా ప్రయోగాల ఫలితాలను పోల్చి చూడటం కుదరదు. వెన్నను పూర్తిగా కలిపేయకుండా బఠాణీ గింజంత ముక్కలుగా మిగల్చాలి. అప్పడాల కర్ర కింద ఆ ముక్కలు పలుచని రేకులుగా సాగుతాయి. ఓవెన్‌లో వాటిలోని నీరు ఆవిరై పిండిని పొరలుపొరలుగా లేపుతుంది. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది కనుక చేతి వేడి కూడా దానికి శత్రువే. కలిపిన ముద్దను కనీసం గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న తిరిగి గట్టిపడుతుంది, గ్లూటెన్ (పిండికి సాగే గుణాన్నిచ్చే ప్రోటీన్) సడలుతుంది, ఓవెన్‌లో పొర కుంచించుకుపోవడం తగ్గుతుంది.

సగం నీళ్లకు బదులు వోడ్కా పోసే చిట్కా గురించి చాలామంది ఉత్సాహంగా చెబుతారు. ఆల్కహాల్‌లో గ్లూటెన్ ఏర్పడదు కాబట్టి పిండి తడిగా ఉండి కూడా సులువుగా ఒత్తడానికి వస్తుంది, అది నిజమే. తినేటప్పుడు మాత్రం నా నాలుకకు తేడా తెలియలేదు. చెంచాడు వెనిగర్ కలిపినా నాకు మార్పు కనిపించలేదు. సగం వెన్న స్థానంలో వనస్పతి వేస్తే అంచుల నొక్కులు చెక్కుచెదరకుండా నిలుస్తాయి, రుచి చప్పబడుతుంది. నూనెతో చేసిన పొర బిస్కెట్టులా పొడిపొడిగా రాలుతుంది. గోధుమపిండి మూడో వంతు వరకు కలిపితే రుచి పెరుగుతుంది, అంతకు మించితే తవుడు నీళ్లు పీల్చుకుని పొర మొరటుగా తయారవుతుంది.

యాపిల్ పైలో మీది పొరకూ పండుకూ మధ్య గుహలాంటి ఖాళీ ఏర్పడటం అందరికీ ఎదురయ్యే చికాకే. కోసిన ముక్కలకు చక్కెర పట్టించి అరగంటకు పైగా ఉంచి, ఊరిన రసాన్ని వార్చి, చిక్కబడేదాకా మరిగించి తిరిగి కలిపితే ముక్కలు ముందే కుంగి, ఆ ఖాళీ చాలావరకు తగ్గుతుంది. ముక్కలు ముద్దయిపోకుండా ఉండాలంటే వాటిని ముందుగా 60–70 డిగ్రీల మధ్య కాసేపు వెచ్చబెట్టాలి. ఆ వేడిలో పండులోని ఒక ఎంజైమ్ పెక్టిన్‌ను (పండు కణాలను అంటిపెట్టి ఉంచే పదార్థాన్ని) బలపరుస్తుంది, ఆ తర్వాత ఎంత కాల్చినా ముక్క ఆకారం నిలుస్తుంది. థర్మామీటర్ కొనడానికి ఈ ఒక్క ఉపయోగం చాలు.

చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ నమ్మకమైనదే గాని, రసం మధ్య భాగంలో కూడా బుడగలు వచ్చేదాకా కాలితేనే దాని పని పూర్తవుతుంది. అంచుల్లో ఉడకడం చూసి దించేస్తే కోసినప్పుడు నీళ్లు కారతాయి. బెర్రీలకు సగ్గుబియ్యాన్ని మెత్తగా పొడిచేసి, 800 గ్రాముల పండ్లకు 35 గ్రాముల చొప్పున వాడుతున్నాను. రసం అద్దంలా తేటగా ఉంటుంది, గడ్డకట్టించి కరిగించినా నీరు వదలదు. మైదాతో చిక్కబరిస్తే రసం మసకబారుతుంది, పండు రుచి మొద్దుబారుతుంది.

కస్టర్డ్ (గుడ్లు, పాలు కలిపిన పూర్ణం) పైలకు పొరను ముందే కాల్చుకోవాలి. బేకింగ్ పేపర్ పరిచి ఎండు గింజలను అంచుదాకా నింపాలి. అడుగున గుప్పెడు వేసి సరిపెడితే పక్కలు జారిపోతాయి. కస్టర్డ్ మధ్య భాగం 77 డిగ్రీలకు చేరగానే, ఇంకా కొద్దిగా వణుకుతుండగానే ఓవెన్ నుంచి తీయాలి. మిగిలిన వేడికి అదే గట్టిపడుతుంది, ఇంకా ఉంచితే మీద పగుళ్లు వస్తాయి.

పండ్ల పైని కోయడానికి మూడు నాలుగు గంటలు ఆగాలి, ఏ పళ్లెమైనా ఈ నియమంలో మినహాయింపు లేదు. మర్నాటికి మిగిలిన ముక్కలను మైక్రోవేవ్‌లో పెడితే పొర తోలులా సాగుతుంది. 175 డిగ్రీల ఓవెన్‌లో 10–15 నిమిషాలు ఉంచితే కరకర తిరిగి వస్తుంది. గాజు పళ్లెం ఫ్రిజ్‌లో ఉండి ఉంటే, ముక్కలను విడిగా ఒక లోహపు ట్రేలోకి మార్చి వేడిచేయాలి.