కాజీపేటలో రైలెక్కే ముందు విండీ చూడండి, కానీ ఇలా చూడండి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హన్మకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి హిమాలయాల్లో ట్రెక్కింగ్‌కు కేదార్‌కంఠ, చోప్తా, మనాలీ అంటూ బయల్దేరేవాళ్లకు ఒక చిక్కు ఉంది. రైలు టికెట్ 60 రోజుల ముందు తీసుకోవాలి. కొండల్లో మంచు, గాలి సంగతి నమ్మదగ్గట్టుగా తెలిసేది మూడు నుంచి ఐదు రోజుల ముందే. అందుకే వాతావరణం యాప్ చూసి తేదీ మార్చుకోవడం మన చేతిలో ఉండదు. బ్యాగులో ఏం సర్దాలి, శిఖరానికి ఏ రోజు ఎక్కాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నవే మన చేతిలో ఉంటాయి. ఆ పనికి ఉచితంగా దొరికేవాటిలో విండీ అనే వాతావరణ యాప్ అన్నిటికన్నా మేలు. అయితే తెరవగానే కనిపించే మొదటి తెర మీదే ఆగిపోతే మాత్రం అది తప్పుదోవ పట్టిస్తుంది.

కారణం మన నేలకు, ఆ నేలకు ఉన్న తేడా. వరంగల్ సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తులో ఉంది. మ్యాపులో వేలు నాలుగు కిలోమీటర్లు అటు ఇటుగా పెట్టినా అంకెలు పెద్దగా మారవు. కేదార్‌కంఠకు దారి మొదలయ్యే సాంక్రీ గ్రామం 1,950 మీటర్ల దగ్గర ఉంటే, శిఖరం 3,800 మీటర్ల దగ్గర ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతాయి కాబట్టి, ఊరికీ శిఖరానికీ మధ్య 12 డిగ్రీల తేడా. ఇక విండీ సొంతంగా అంచనా వేయదు, కంప్యూటర్ వాతావరణ లెక్కలను, అంటే మోడళ్లను, చూపిస్తుంది. అందులో యూరప్ మోడల్ అయిన ఈసీఎండబ్ల్యూఎఫ్ భూమిని 9 కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. ఒక్క గడిలో లోయ, అడవి, గట్టు అన్నీ కలిసిపోయి ఒక సగటు ఎత్తు అవుతాయి. ‘సాంక్రీ’ అని వెతికితే వచ్చే అంకె అచ్చంగా సాంక్రీదీ కాదు, శిఖరానిదీ కాదు.

మోడల్ ఎంపికతో మొదలుపెట్టండి. అమెరికా మోడల్ జీఎఫ్ఎస్ గళ్లు ఇంకా పెద్దవి, కాబట్టి హిమాలయాలకు ఈసీఎండబ్ల్యూఎఫ్‌నే ప్రధానంగా పెట్టుకోండి. జీఎఫ్ఎస్‌ను, జర్మనీ మోడల్ ఐకాన్‌ను సాక్షులుగా చూడండి. మూడూ ఒకే రోజున మంచు చూపిస్తే దాన్ని నమ్మవచ్చు. ఒకటి బుధవారం, ఇంకొకటి శుక్రవారం అంటుంటే చలికాలంలో పడమటి నుంచి వచ్చి హిమాలయాల్లో మంచు కురిపించే వెస్టర్న్ డిస్టర్బెన్స్ ఎటు కదులుతుందో ఇంకా తేలలేదని అర్థం. అలాంటప్పుడు సగటు తీసి గురువారం అనుకోవడం తప్పు. ఈ మోడళ్ల ప్రధాన లెక్కలు మన టైమ్ ప్రకారం ఉదయం 5:30కి, సాయంత్రం 5:30కి మొదలవుతాయి. ఫలితాలు బయటికి రావడానికి ఆరేడు గంటలు పడుతుంది. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఒకసారి, మర్నాడు పొద్దుగాల ఒకసారి చూస్తే చాలు. గంటగంటకూ తెరిస్తే అదే పాత లెక్క కనిపిస్తుంది. వరుసగా రెండు లెక్కల్లో అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయా లేదా అన్నదే చూడాల్సింది.

ఎక్కువమంది పొరపాటు పడేది గాలి దగ్గర. విండీ మొదట చూపించేది నేలను ఆనుకుని వీచే గాలి. మోడల్ దృష్టిలో కొండ నున్నగా ఉంటుంది గనుక శిఖరపు గట్టు మీది అసలు జోరు ఆ అంకెలో కనిపించదు. తెర పక్కన ఎత్తు మార్చే పట్టీ ఉంటుంది. అందులో ఎత్తును గాలి పీడనపు కొలతలో చూపిస్తారు: 850 హెక్టోపాస్కల్ అంటే సుమారు 1,500 మీటర్లు, 700 అంటే 3,000, 600 అంటే 4,200, 500 అంటే 5,500 మీటర్లు. కేదార్‌కంఠకు, చోప్తా దగ్గరి తుంగనాథ్ గుడి పైన ఉన్న చంద్రశిల శిఖరానికి 700, 600 రెండూ చూసి, పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోండి. గట్టు మీద ఏ అడ్డూ ఉండదు, అక్కడ మీకు తగిలే గాలి దాదాపు అదే. నేల పొరలో 12 కనిపించే రోజున 600 దగ్గర 45 కనిపించడం చలికాలంలో వింతేమీ కాదు.

ఆ 12, 45 ఏ కొలతలో ఉన్నాయో కూడా చూసుకోవాలి. విండీ తరచూ నాట్స్‌లో చూపిస్తుంది. ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు, అంటే 25 అని కనిపిస్తే అది గంటకు 46 కిలోమీటర్లు. రంగుల పట్టీ మీద కొలత పేరును నొక్కితే కిలోమీటర్లకు మారుతుంది. యాప్ వేసుకోగానే చేయాల్సిన మొదటి పని ఇదే.

అంకెలు చూశాక నిర్ణయం ఎలా? గంటకు 30 కిలోమీటర్ల లోపు అయితే మంచి జాకెట్‌తో నడవొచ్చు. 50 దాటితే గట్టు మీద నిటారుగా నడవడం కష్టం. 60 పైన అయితే ఆ రోజు శిఖరం ఆలోచన మానుకోవాలి. చలి లెక్క వేరే ఉంది: థర్మామీటర్‌లో మైనస్ 10 ఉండి, గాలి 40 కిలోమీటర్లు వీస్తే ఒంటికి అది మైనస్ 21లా తగులుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఆరేడు డిగ్రీల ఇగం చూసినవాళ్లమని ధైర్యపడితే పొరపాటే. మన చలిలో గాలి ఉండదు, రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి నేల చల్లబడడం వల్ల వచ్చేది అది. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్రతాల్ దారిలో మంచు తుపానుకు చిక్కి ఒకే ట్రెక్కింగ్ బృందంలో 9 మంది చనిపోయారు. అది ఎండాకాలం.

రోజు మొత్తానికి ఇచ్చే అంకె కూడా పనికిరాదు. శిఖరానికి నడక తెల్లవారుజామున రెండు మూడు గంటలకు మొదలవుతుంది. కాబట్టి 3 నుంచి 9 గంటల మధ్య నిలువు వరుసలు చూడండి. అదే పాయింట్‌కు ఎయిర్‌గ్రామ్ తెరిస్తే ఏ గంటకు ఏ ఎత్తులో ఎంత గాలో ఒకే పటంలో కనిపిస్తుంది. విండీలో దీన్ని మించిన పేజీ లేదు.

9 కిలోమీటర్ల గడిలో పట్టని గాలి ఈ మోడళ్లకు చిక్కదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలిన తీరు తెలిసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. గాలి విధ్వంసం ఒక తావులో ఉంటే, కొంచెం అవతల చెట్లు చెక్కుచెదరలేదు. కనుమల్లో, రెండు గట్ల మధ్య ఇరుకుల్లో గాలి అలాగే జోరందుకుంటుంది.

ఇక మంచు. మనకు ‘మంచు పడుతోంది’ అంటే పొద్దున్నే పొలాల మీద కమ్ముకునేది. అక్కడ లెక్క సెంటీమీటర్లలో ఉంటుంది. ఒక మిల్లీమీటరు నీరు సుమారు ఒక సెంటీమీటరు మంచు అవుతుంది. బాగా చలిగా, పొడిగా ఉంటే 15 మిల్లీమీటర్ల మందం దాకా రావొచ్చు. సున్నా దగ్గర పడే తడిమంచు 5 నుంచి 7 మిల్లీమీటర్లకే అణగిపోతుంది. అందుకే మంచు సెంటీమీటర్లతో పాటు ఫ్రీజింగ్ లెవల్ పొరను, అంటే ఉష్ణోగ్రత సున్నాకు చేరే ఎత్తును, తప్పక చూడాలి. ఆ ఎత్తుకు 200 నుంచి 300 మీటర్ల కింది దాకా మంచే పడుతుంది, ఇంకా కింద వాన. ఫ్రీజింగ్ లెవల్ 2,800 ఉంటే 2,300లో వేసిన టెంటు వానలో తడుస్తుంది. మంచులో కన్నా ఇందులోనే ప్రమాదం ఎక్కువ. తడిసిన స్లీపింగ్ బ్యాగ్ రాత్రికి ఆరదు.

పడ్డ మంచు పడ్డచోటే ఉండదు. గంటకు 25 కిలోమీటర్ల గాలి చాలు, పొడిమంచును ఎత్తుకుపోయి గాలి చాటు వాలు మీద పోగేస్తుంది. యాప్ 15 సెంటీమీటర్లు చెప్పినచోట ఒక పక్క రాయి తేలి, ఇంకో పక్క నడుములోతు ఉంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద అలా పేరుకున్న మంచే చరియగా జారేది.

ఈ విషయంలో విండీ ఏమీ చెప్పదు. అందుకు చండీగఢ్‌లోని డీజీఆర్ఈ అనే రక్షణశాఖ పరిశోధన సంస్థ ఇచ్చే మంచు చరియల బులెటిన్ చూడాలి. 2025 ఫిబ్రవరి 28న చమోలీ జిల్లా మాణా దగ్గర చరియ విరుచుకుపడి 8 మంది కార్మికులు చనిపోయిన ఘటనకు ముందురోజే ఈ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. భారత వాతావరణ శాఖ ‘మౌసమ్’ యాప్‌లో జిల్లావారీగా రంగుల హెచ్చరికలుంటాయి. డెహ్రాడూన్ కేంద్రం ప్రకటనల్లో ఏ ఎత్తు పైన మంచు పడుతుందో కూడా చెబుతారు. ఆ భాషలో ‘ఐసోలేటెడ్’ అంటే జిల్లాలో నాలుగో వంతు లోపు చోట్ల, ‘వైడ్‌స్ప్రెడ్’ అంటే నాలుగింట మూడు వంతులకు పైగా చోట్ల అని. ఆరెంజ్ రంగు హెచ్చరిక పడితే విండీలో నీలాకాశం కనిపించినా ఆరెంజ్‌నే నమ్మండి.

మౌంటెన్ ఫోర్‌కాస్ట్ వెబ్‌సైట్ కొత్తవాళ్లకు సులువు. ఒకే కొండకు వేర్వేరు ఎత్తుల్లో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అంటూ గాలి, మంచు, ఒంటికి తగిలే చలి చూపిస్తుంది. మోడళ్లను పోల్చుకునే వీలు మాత్రం విండీలోనే.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కిన రోజు నుంచి లెక్కేస్తే ఢిల్లీ, డెహ్రాడూన్, సాంక్రీ దాటి శిఖరం ఐదారో రోజు. రైలెక్కే రోజు చూసేది బట్టల కోసం, డెహ్రాడూన్‌లో చూసేది శిఖరం రోజు కోసం. గంటగంట అంకెలు కావాలంటే విండీ ప్రీమియం కొనాలి, ఉచితంలో మూడు గంటలకోటి వస్తుంది. మన అవసరానికి ఉచితమే సరిపోతుంది. సాంక్రీ దారిలో పురోలా ఊరు దాటాక సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. 700, 600 గాలులు, ఫ్రీజింగ్ లెవల్, మూడు రోజుల మంచు, డీజీఆర్ఈ బులెటిన్, ఈ ఐదింటికీ పురోలా దాటకముందే స్క్రీన్‌షాట్లు తీసి, అంకెలు కాగితం మీద కూడా రాసుకోండి. మైనస్ పదిలో ఫోన్ బ్యాటరీ 40 శాతం చూపిస్తూనే ఆగిపోవచ్చు.